కీ ఇచ్చిన చెయ్యి

పాత టూత్‌బ్రష్షును కిరసనాయిల్లో ముంచి ఓబులేసు గవర్నరుగారికి పళ్ళు తోముతున్నాడు.

కీ గ్రామఫోను మోటారులో కూడా ఒక గవర్నరు ఉంటాడు. చిటికెనవేలంత ఇత్తడి కడ్డీ, దాని చుట్టూ మూడు పలచని రేకులు, రేకుకొక గుండు. బిగించిన స్ప్రింగు ఒక్కసారిగా పరుగందుకోబోతే ఈ గుండ్లు విచ్చుకుని, ఒక బిళ్ళను తోలుముక్కకు ఆనించి, నిదానం నిదానం అని నచ్చజెబుతాయి. పెత్తనమే తప్ప పని లేని ఉద్యోగంలా కనబడుతుంది గానీ, ఆయనే లేకపోతే పాడేవాడు కోడిపిల్లలా కీచుమంటూ మూడు నిమిషాల పాటను ఒక్క నిమిషంలో ముగించి కూర్చుంటాడు.

కువైట్‌లోని దజీజ్‌లో టైర్ల గోదాముకూ తివాచీల గోదాముకూ నడుమ అబూ నాసర్ పాతసామాన్ల షెడ్డు ఉంది. దాని వెనకగోడకు, ఏసీ నీళ్ళు బొట్లుబొట్లుగా కారే చోట, ఓబులేసు బల్ల. ఆయనకు యాభై తొమ్మిదేళ్ళు. బక్కపలచని మనిషి. కళ్ళద్దాల కాడ ఒకటి విరిగితే రాగితీగ చుట్టుకున్నాడు. కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి జారి ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళు కీలు తిప్పితే కీళ్ళు మిగలవు మరి.

ఎడమచేతి చూపుడువేలికి చివరి కణుపు లేదు. రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చిన కొత్తలో, సాల్మియాలో గడియారాలు బాగుచేసే ఒక ముసలి మేస్త్రి దగ్గర చేరాడు. బిగించి ఉన్న స్ప్రింగును విప్పకుండానే మోటారు ఊడదీశాడు. పన్నెండడుగుల ఉక్కు పట్టీ బుస్సున లేచి వేలికొసను ఎక్కడికో పట్టుకుపోయింది. వెతికినా దొరకలేదు. ఆ రోజు నుంచి ఆయనకు ఒక్కటే నియమం. సాయంత్రం బల్ల వదిలేముందు స్ప్రింగు పూర్తిగా విప్పాలి. ఒంట్లో బాగున్నా లేకున్నా, బస్సు తప్పినా సరే, బిగించిన పెట్టెను వదిలేసి ఇంటికి పోయిన పొద్దు లేదు.

మరమ్మతు అంటే మరల మీద మత్తు అని ఖలందర్ ఎగతాళి చేస్తాడు. ఖలందరుదీ రాయచోటే. గ్రామఫోను పెట్టెలకు వడ్రంగం, పాలిషు అతని పని. నలభై దాటినా తుంటరితనం దాటలేదు. నాలుగు రోజుల కిందట ఆ తుంటరితనంతోనే ఈ పెట్టెకు కీ తిప్పుతూ తిప్పుతూ, ఇక తిరగదన్నాక కూడా ఇంకొక్క చుట్టు తిప్పాడు. లోపల టప్పుమంది. స్ప్రింగు కొస, కొక్కెం పట్టుకునే చోట తెగిపోయింది.

తెగింది స్ప్రింగు ఒక్కటే అయితే ఓబులేసు ఇంతగా కలతపడేవాడు కాదు. ఇప్పటికే ఆరు పెట్టెల్లో అసలు మోటార్లు పీకించి, బ్యాటరీ మోటార్లు పెట్టించాడు అబూ నాసర్. ఇది ఏడోది. కొనే పెద్దాయన మాత్రం పాత మోటారే తిరగాలన్నాడట. అది ఒక పాట మొత్తం ఈడ్చకుండా వాయిస్తే, తన తండ్రి కూడబెట్టిన మరో పదకొండు పెట్టెలు కూడా బాగుచేయడానికి పంపుతానన్నాడట. అవి వస్తే బల్ల ఉంటుంది. బల్ల ఉంటే ఇంకో రెండు నెలల్లో తీరిపోయే ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, మళ్ళీ రాసిస్తానని అబూ నాసర్ మాట. లేకపోతే ఖలాస్. రేపు పొద్దున అబూ నాసరే వచ్చి స్వయంగా చూస్తాడు. బ్యాటరీ మోటారు అట్టపెట్టెలో బల్ల చివరే కూర్చుని ఉంది, తన వంతు కోసం. ఈ దేశం పేరులోనే వెయిట్ ఉంది కాబట్టి దానికీ ఓపిక ఎక్కువ.

గవర్నరును గుడ్డమీద ఆరబెట్టి ఓబులేసు చొక్కా పైగుండీ తీసి గుండె రుద్దుకున్నాడు. రెండు రోజులుగా అక్కడ ఒక బరువు. ఎడమచెయ్యి లాగుతోంది. గ్యాసేలే అనుకున్నాడు. కువైట్‌లో నూనె భూమిలో ఉంటుంది, గ్యాసు మాత్రం పనివాళ్ళ పొట్టల్లో ఉంటుంది. వేన్నీళ్ళలో జీలకర్ర వేసుకుని తాగి మళ్ళీ కూర్చున్నాడు.

చేతికి తోలు తొడుగు వేసుకుని డబ్బీలోంచి స్ప్రింగును ఒక్కొక్క చుట్టే బయటికి వదిలాడు. తారులా గడ్డకట్టిన పాత గ్రీజు తుడిచాడు. తెగిన కొసను గ్యాసుమంట మీద ఎర్రబడేదాకా కాల్చి, తొందరపడకుండా ఇసుకలో చల్లారనిచ్చాడు. నీళ్ళలో ముంచితే ఉక్కు పెళుసవుతుంది. మెత్తబడ్డాక కొత్త బెజ్జం వేసి, అంచులు ఆకురాయితో నున్నగా రాశాడు. పొడవు రెండంగుళాలు తగ్గింది. ఆ రెండంగుళాలకు పాట చివర మొరాయిస్తుందా అన్నదే ఆయన భయం.

మూడుగంటలకు ఫోను మోగింది. సంజీవమ్మ.

సంజీవమ్మ ఆయన భార్య. పంతొమ్మిదేళ్ళుగా ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో వంటా ఊడ్పూ ఆమెదే. ఇద్దరూ ఒకే దేశంలో, అరగంట దూరంలో ఉన్నారు. చూసుకునేది రెండు శుక్రవారాలకొకసారి, సాల్మియా సముద్రం ఒడ్డున సిమెంటు బెంచీ మీద. పెళ్ళయిన కొత్తలో ఓబులేసును మామా అనేది. ఇక్కడికొచ్చాక ఆ పిలుపు ఇంటి యజమానురాలికి పోయింది. మొగుడికి ‘యో’ మిగిలింది. ఆ మామా మధ్యాహ్నం పడుకున్న అరగంటే ఆమె చేతికి ఫోను వచ్చేది.

“తింటివా?”

“తిన్న్యాలే.”

“గొంతేంది అట్లుండాది?”

“గ్యాసేలేమే.”

“రెండు దినాల్నుంచీ గ్యాసేనా? సిలిండరేమన్నా మింగినావా?”

ఆయన నవ్వబోయి సగంలో ఆపాడు. ఆ ఆపడం ఆమె విన్నది. పొద్దున్నే డాక్టరు దగ్గరికి పొమ్మంది. రేపు అబూ నాసర్ వచ్చి మోటారు చూస్తాడనీ, తాను లేకపోతే ఎలాగనీ ఆయన నసిగాడు.

“మోటారుకు నువ్వుండావు. నీకెవురుండారు?” అంది ఆమె. “పొద్దున్నే పోతానని నా మింద ఒట్టెయ్.”

ఓబులేసు బల్ల చివరి అట్టపెట్టె వైపు చూశాడు. తర్వాత ఒట్టు వేశాడు. ఆమె మీద వేసిన ఒట్టు తప్పింది ఇంతవరకు లేదు. అవతలివైపు ఎవరో ఆమెను పిలిచినట్టున్నారు. నీ పెట్టెలు ఎట్ల పాడతాయో ఒక పారన్నా వినిపించలేదే అని గొణుగుతూ ఆమె పెట్టేసింది. నిజమే. ఆమెకు దొరికేది శుక్రవారం, షెడ్డు మూసేది కూడా శుక్రవారమే.

పొద్దు వాలి అసర్ నమాజు పిలుపు వినబడేసరికి మోటారు పెట్టెలో కూర్చుంది. కీ తిప్పాడు. ఒక్కొక్క చుట్టుకూ లోపల పళ్ళు టక్కుటక్కుమని ఒప్పుకుంటున్నాయి. పొడవు తగ్గిన స్ప్రింగుకు నలభై చుట్లే హద్దని లెక్క వేసుకుని అక్కడ ఆపాడు. రికార్డు అంచున కాగితంముక్క అంటించి, గోడగడియారం చూస్తూ, అది ఎన్నిసార్లు ఎదురొస్తుందో లెక్కపెట్టాడు. నిమిషానికి డెబ్బై ఎనిమిది. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. తన నాడి ఎంత కొట్టుకుంటోందో లెక్కపెట్టుకోవాలని మాత్రం ఆయనకు తోచలేదు.

సూది ఆనించాడు. ఎప్పటిదో ఒక అరబ్బు ఆడమనిషి గొంతు. ఓబులేసు కళ్ళు మూసుకుని పాటను వదిలేసి, పాట కింద మోటారును విన్నాడు. కుదుపు లేదు. ఈడ్పు లేదు. చివరి గీతదాకా గొంతు ఒక్క పిసరు కూడా జారలేదు. ఆ తర్వాత కూడా ప్లేటులో మరో పాటకు సరిపడా బలం ఉంది.

ఖలందర్ పాలిషు గుడ్డ పక్కన పడేసి వచ్చి, తన తప్పు మాఫీ అయినవాడిలా నిలబడ్డాడు.

ఓబులేసు మిగిలిన చుట్లు విప్పలేదు. తగ్గినంతా మళ్ళీ తిప్పి నలభై నింపాడు. బ్రేకు వేశాడు. తిప్పుతూ రెండుసార్లు ఆగాడు, చొక్కా వీపున తడిసిపోయింది.

“రేపు నేను రావడం ఆలీసమైతాది. సేటొస్తే ఈ బ్రేకు ఇట్ల జరుపు, అంతే. తనంతట అదే తిరుగుతాది.”

“ఇప్పకుండానే పోతాండావా అన్నా? దజీజ్‌లో వాన పడతాది ఈ పొద్దు.”

“ఒట్టేసినా నాయనా, ఏం జేసేది.”

కీని ఊడదీసి తన టిఫిన్ సంచిలో పెట్టుకున్నాడు. కీ ఇక్కడుంటే నీ చెయ్యి ఊరుకోదులే అన్నాడు ఖలందరుతో. పిడికి ఆయనే చుట్టిన గుడ్డపేలిక సంచిలోంచి బయటికి కనబడుతోంది.

పొద్దుగూకాక ఖలందర్ మగ్రిబ్ నమాజు చేసుకుని తిరిగి వచ్చేసరికి ఓబులేసు స్టూలు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. టిఫిన్ సంచి ఒడిలో ఉంది. ఒక కాలికి చెప్పు ఉంది, రెండోది కాలిముందే ఉంది.

“అన్నా, బస్సు పోతాది” అన్నాడు ఖలందర్.

రెండోసారి అనలేదు.

మూడోనాడు సంజీవమ్మ షెడ్డుకు వచ్చింది. గంటసేపు వెళ్ళిరమ్మని మామా తన కారూ డ్రైవరునూ ఇచ్చింది. శవం ఊరికి పోవడానికి కాగితాలు ఇంకా రావాలి. ఆస్పత్రిలో ఇచ్చిన టిఫిన్ సంచిలో కళ్ళద్దాలు, ఫోను, వంకరగా ఒక ఇనప కడ్డీ ఉన్నాయి. అదేమిటో ఆమెకు అర్థం కాకపోతే ఖలందర్ ఫోనులో చెప్పాడు. అది ఇచ్చిపోదామనే వచ్చింది.

అబూ నాసర్ ఎదురొచ్చి, ఏ భాషలో ఏమనాలో వెతుక్కుంటూ చెయ్యి గుండెకు ఆనించుకున్నాడు. ఈ రెండు రోజులూ ఎవరూ ఆ బల్ల ముట్టలేదు.

“ఇదేనా?” అంది సంజీవమ్మ.

“ఇదే వదినా. అన్న కీ ఇచ్చి పెట్టినట్టే ఉండాది. కీ నీ కాడ ఉండె గదా, ఎవురూ తిప్పలేదు.”

అబూ నాసర్ తల ఊపాడు. ఖలందర్ సూది ఆనించి బ్రేకు జరిపాడు.

ప్లేటు కదిలింది. ఆడగొంతు లేచింది. సంజీవమ్మ చేతిసంచిని పొట్టకు అదుముకుని, కళ్ళు ప్లేటు మీదనుంచి తీయకుండా నిలబడి విన్నది. ఒక్క మాటా అర్థం కాదు. మొదలెంత నిబ్బరంగా ఉందో చివరా అంత నిబ్బరంగానే ఉంది. పాట అయిపోగానే అబూ నాసర్ బ్యాటరీ మోటారున్న అట్టపెట్టెను బల్ల మీదనుంచి తీసి పైఅరలో పెట్టేశాడు. ఆ పదకొండు పెట్టెలు ఇక ఎవరు బాగుచేస్తారని ఎవరూ అనలేదు.

“పొద్దుటికి ఒట్టేయించుకుంటి” అంది సంజీవమ్మ, ఎవరి వైపూ చూడకుండా. “ఆ పూటకే ఏయించుకోవాల్సింది.”

పాట ముగిసినా ప్లేటు ఆగలేదు. సూది కింద గీతలు గరగరమంటున్నాయి. ఖలందర్ సూది ఎత్తాడు. ప్లేటు ఇంకా తిరుగుతూనే ఉంది, వేగం తగ్గకుండా.

“దీన్నెట్ల నిలబెట్టేది?” అని అడిగింది ఆమె. అతను చూపించాడు.

సంజీవమ్మ వేలితో బ్రేకు నెట్టింది. “ఇంగ సాలు. మిగిలింది ఉండనీ.”

బయట డ్రైవరు హారను కొట్టాడు. ఆమె సంచిలోంచి కీ తీసి పెట్టె పక్కన పెట్టి వెళ్ళిపోయింది. పెట్టె లోపల సగం చుట్లు విప్పుకోకుండా అలాగే ఉన్నాయి. బల్ల మీద కీ ఉంది, పిడికి చుట్టిన గుడ్డపేలిక అరచెయ్యి ఒరుసుకున్న మేర నల్లగా, నున్నగా.