నా పసుపు గునపం పాలు

నేను ఒక ఇనుప పిడిని. ఏటికి అడ్డంగా కట్టిన ఆనకట్టలో తూము తలుపు ఎత్తడానికి కమ్మరి నన్ను సాగగొట్టాడు. నేను తిరిగితేనే కింది ఊళ్ళకు నీళ్ళు. నీళ్ళు వదిలే పని నీరటి వాళ్ళది. మొదట పోశాలు చేతిలో తిరిగాను, తరువాత అతని కొడుకు ఓదెలు చేతిలో. ఏటా మొదటి నీళ్ళ రోజున ఓదెలు నాకు పసుపు రాసి, దండం పెట్టుకొని మరీ తిప్పేవాడు. పెళ్ళాన్ని కూడా అంత మురిపెంగా చూసుకొని ఉండడు.

రానురాను ఆనకట్ట వెనక ఇసుక మేటవేసింది. పొలాలకు వేరే కాలువ వచ్చింది. నేను ఓదెలు ఇంటి దూలానికి వేలాడాను.

చేపలు ఎగువకు ఎక్కడం లేదని, నిలవనీరు కంపు కొడుతోందని చేపలు పట్టే కనకవ్వ ఇల్లిల్లూ తిరిగింది. రెండు ఒడ్ల ఊళ్ళూ ఒక్కటై, పైవాళ్ళ అనుమతి తెచ్చుకొని, ఆనకట్ట గోడ తీసెయ్యడానికి బయలుదేరాయి. మనుషులు చిత్రమైనవాళ్ళు. కట్టేటప్పుడూ కొబ్బరికాయే, కూల్చేటప్పుడూ కొబ్బరికాయే.

ఓదెలు నన్ను భుజాన వేసుకొని, పసుపు గిన్నెతో వచ్చాడు. నాకేననుకున్నాను. గునపానికి రాశాడు. నిన్నగాక మొన్న సంతలో కొన్న గునపానికి! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఓదెలన్నా, ముందుగాల నీళ్ళు ఇడువకుంటె గోడెట్ల కూలగొడ్తం? అందరం కొట్టుకపోతం గద" అంది కనకవ్వ.

"తుప్పు పట్టింది చెల్లె. తిరుగుతదో లేదో" అంటూ ఓదెలు నన్ను తూముకు బిగించాడు.

నేను తిరిగితే గోడ పోతుంది, దానితోపాటు నా బతుకూ పోతుంది. మొండికేశాను. నలుగురు పట్టి తిప్పినా కదల్లేదు. ఓదెలు వాళ్ళను జరగమని, తనొక్కడే రెండు చేతులూ వేశాడు.

"మా అయ్య పట్టిన దానివి. ఒక్కసారి కదులవే" అన్నాడు మెల్లగా.

ఎన్నేళ్ళకో ఆ చేతులు! నా కోపం నిలవలేదు. తిరిగాను. తూములోంచి నీళ్ళు దూకాయి. సాయంత్రానికి గోడ సగం నేలమట్టమైంది.

ఇప్పుడు చేపలు ఎక్కుతున్నాయట. నేను కనకవ్వ వాకిట్లో, ఆరేసిన వల గాలికి లేవకుండా బరువుగా పడి ఉన్నాను. ఇక్కడికి ఏరు కనిపిస్తుంది, అదీ నా కర్మ. పొద్దున్నే ఓదెలు అందులోకి దిగి, చిటికెడు పసుపు వదిలి, నీళ్ళను దోసిట పడతాడు. నా పసుపు, నా ఓదెలు. ఏమీ ఎరగనట్టు పారుతుంది ఆ టక్కరిది.

పారనీ. ఆ అరచేతుల్లో కాయలు నేను కాయించినవి. చేతనైతే వాటిని కడిగెయ్యమనండి.