వాగు దగ్గరి ఈల

తియోఫిలో వాగులో కొట్టుకుపోయి తొమ్మిది రోజులు. శవం దొరకలేదు. ఊరంతా ఏడ్చినా భార్య ఎఫ్రోసినా కంట చుక్క నీరు రాలేదు. ఎందుకు వస్తుంది? రోజూ చీకటి పడేసరికి వాగు వైపు నుంచి సన్నని ఈల వినిపిస్తూనే ఉంది. వల భుజాన వేసుకుని ఇంటికి వచ్చేటప్పుడు అతను వేసే ఈలే అది. ఆమె పళ్ళెంలో అన్నం పెట్టి గుమ్మంలో ఉంచుతోంది.

ఊరి ఆచారం ప్రకారం తొమ్మిదో రోజైన ఆ రాత్రే ఆత్మను సాగనంపాలి. తెల్లవారబోయే ముందు దీపాలార్పి, తలుపు తీసి, భార్య "వెళ్ళిరా" అనాలి. అనకపోతే పోయినవాడు ఇంటి చుట్టూ తిరుగుతూ ఉండిపోతాడట. తిరగనీ, అంతకన్నా కావలసిందేముంది? అనకూడదనే ఆమె నిశ్చయించుకుంది.

మధ్యాహ్నం ముసురులో, రాత్రి వచ్చే జనానికి చేప అన్నం పొట్లాలు కట్టే ఆకులు కోయడానికి ఆడపడుచు నియెవెస్‌తో వాగుకు వెళ్ళింది.

"ఆ పెద్దాకు కొయ్యి వదినా. చూస్తూ నిలబడితే అదే నడిచొచ్చి గంపలో పడుతుందా?"

కాడకు కత్తి ఆనించిందో లేదో, చేతి పక్కనే ఈల! ఎఫ్రోసినా రోజూ వినే ఈలే. ఆకు తిప్పి చూసింది. జిగురు ముద్దలో గుడ్లు, వాటిని అంటిపెట్టుకుని బొటనవేలి గోరంత కప్ప. దాని ఒంట్లోంచి ఆకు పచ్చదనం కనిపిస్తోంది. వీపు మీది చుక్కలు కూడా గుడ్లలాగే ఉన్నాయి.

"మగది," అంది నియెవెస్. "ఆడది గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. పిల్లలు వాగులో పడేదాకా కాపలా వీడిదే. కందిరీగలొచ్చినా కదలడు. పొట్టవైపు చూస్తే గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. సముద్రం ఒడ్డు పిల్లవి, నీకేం తెలుసులే."

"రోజూ సాయంత్రం కూసేది ఇదేనా?"

"మరింకెవరనుకున్నావు?" అనేసి నియెవెస్ నాలిక కరుచుకుంది.

ఎఫ్రోసినా ఆ ఆకు కోయలేదు.

రాత్రంతా ఇంట్లో పాడిన సాగనంపు పాటలు తెల్లవారుజామున ఆగాయి. దీపాలార్పారు. జనం రెండు వరసల్లో నిలబడి గుమ్మం దాకా దారి వదిలారు. పాటలు పాడించే ముసలి ఫెర్మీనా తలుపు తీసింది.

"వెళ్ళిరా అను, తల్లీ."

"ఎవర్ని అనమంటావు అవ్వా? అతను ఒక్కరోజూ రాలేదు."

ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది. "అయితే పిలువు. వచ్చాకే పంపుదువుగాని."

ఎఫ్రోసినా చీకట్లోకి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. వాగు హోరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలవబోయి వెనక్కి తిరిగింది.

"పోయాడే, నియెవెస్," అని ఆడపడుచు మీద పడి బావురుమంది.