ఇరుక్కున్న నాళం

ఈత కొలనులో కూతురు స్పృహ తప్పిందని ఫోను రాగానే తల్లి ఆసుపత్రికి పరుగెత్తింది. పడుచు వయసులో ఆ తల్లి అన్న కూడా అంతే. పరుగు పందెంలో అందరికన్నా ముందుండి, ఉన్నట్టుండి కుప్పకూలి మరి లేవలేదు. ఎందుకు పోయాడో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ తర్వాత ఇంట్లో అతని పేరెత్తిన వాళ్లు లేరు.

ఆసుపత్రిలో ఈసీజీ బాగానే ఉందన్నారు.

"మా అన్నయ్యకీ అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఇంకేదైనా పరీక్ష చెయ్యండి," అని తల్లి పట్టుబట్టింది.

చేతి నరంలోకి మందు ఎక్కించి అమ్మాయి గుండెకు సీటీ స్కాన్ తీశారు. డాక్టరమ్మ తెర మీద ఆ బొమ్మను మెల్లగా తిప్పింది.

"గుండెకి రక్తమిచ్చే ఈ నాళం పుట్టాల్సిన చోట పుట్టలేదమ్మా. రెండు పెద్ద నాళాల మధ్య ఇరుక్కుంది. ఒళ్లు అలిసేలా ఈదితే నలిగిపోతుంది. చాలా అరుదు. ఆపరేషన్‌తో సరిచేయొచ్చు."

"మా అన్నయ్యకీ ఇదే ఉండేదా?"

"ఉండొచ్చు. చూడకుండా చెప్పలేను."

తల్లి తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఆ బూడిదరంగు గుండెలో అన్న ఇంకా పరుగెడుతున్నట్టే ఉంది.

"ఏంటమ్మా, దెయ్యాన్ని చూసినట్టు అలా చూస్తున్నావ్?" అంది కూతురు.

"మీ మామయ్యని చూస్తున్నానే."

కూతురి ముందు అతని మాట ఎత్తడం అదే మొదటిసారి.

ఆపరేషన్ జరిగింది, అమ్మాయి కోలుకుంది. ఇప్పుడామె మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుంటే, వెనకే ఇంకొకరి అడుగుల చప్పుడు తల్లికి వినబడుతుంటుంది. ఆ సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.