అన్నానికి పిలిచే బిల్డ్ ఫైలు

నేను ఒక బిల్డ్ ఫైలును. పేరు విని బెదిరిపోకండి. కంప్యూటరు చేయాల్సిన పనులకు తలా ఒక పేరు పెట్టి, ఆ పేరు కింద ఆదేశాలన్నీ రాసిపెట్టుకున్న చిన్న చీటీలాంటిదాన్ని. మనుషులు తాము రాసింది తామే మరిచిపోతారు. ఆ మరుపే నన్ను కన్న తల్లి.

కాకినాడలో హైమవతి నన్ను రాసింది. ఆమె భర్త పద్మనాభం బస్టాండులో బస్సుల రాకపోకలు మైకులో చెప్పేవాడు. ఆయన గొంతు విని ఊరంతా బస్సెక్కేది. ఆ గొంతుకే కాన్సరు వచ్చింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది గానీ మాట దక్కదన్నారు డాక్టర్లు. బొమ్మను తాకితే ఆయన గొంతే పలికే ఫోన్ యాప్ చేయాలని హైమ పంతం పట్టింది. "మంచినీళ్లు", "నొప్పిగా ఉంది", "హైమా"... ఆపరేషన్‌కు ముందు ఆయన కంప్యూటరు ఎదుట కూర్చుని ఓపికగా అన్నీ పలికాడు.

పనిలో పడితే హైమకు ఆకలి గుర్తుండదు. అందుకని ఆయన వేళాకోళంగా మరో మాట రికార్డు చేసి, "ఇది నీ ఫైలుకి తగిలించు, నా బదులు అదే పిలుస్తాది" అన్నాడు. హైమ నవ్వి, ఆ రికార్డును నా పక్కనే ఉంచింది. అప్పటినుంచి నేను బిల్డ్, అంటే యాప్‌ను కట్టే పని, ముగించినప్పుడల్లా ఆయన గొంతు వినిపించేది: "అయిపోయింది హైమా. ఇంక లే, అన్నం తిందాం."

మా లోకంలో ఒక ఆచారం ఉంది. నేను తయారుచేసిన సరుకు పడే ఫోల్డరుకు ఎవరూ నకలు తీసుకోరు. చెరిపేసినా మళ్లీ తయారవుతుందిలే అని ధీమా. ఆసుపత్రికి వెళ్లే హడావిడిలో హైమ మిగతా రికార్డులన్నీ తిన్నగా ఆ ఫోల్డరులోనే పడేసింది. వచ్చాక సర్దుకోవచ్చు అనుకుంది.

ఆపరేషన్ అయింది. ఆయన ఇల్లు చేరేలోగా యాప్ పూర్తిచేద్దామని, హైమతో పనిచేసే నజీర్ వచ్చి కొత్త టూల్‌లో ప్రాజెక్టు తెరిచాడు. అది నన్ను వెతికి పట్టుకుని, నాలోని పనుల పేర్లన్నీ పక్కన వరసగా చూపించింది.

"ఇంకేదీ టైపు చెయ్యక్కర్లేదక్కా, పేరు మీద నొక్కితే చాలు" అని మురిసిపోతూ ఆసుపత్రిలో ఉన్న హైమకు ఫోన్ చేశాడు.

"నువ్వున్నావు కాబట్టి సరిపోయింది నజీరూ" అంది పిచ్చితల్లి.

కొత్తగా చేయి పెట్టినవాళ్లు ముందు పాతది తుడిచి, ఆపైన బిల్డ్ చేస్తారు, ఊడ్చాకే ముగ్గు వేసినట్టు. నజీర్ కూడా అలాగే 'క్లీన్' నొక్కాడు. వద్దనడానికి నాకు నోరేదీ? చెప్పింది చేయడమే నా బతుకు. రెప్పపాటులో ఆయన రికార్డులతో సహా ఫోల్డరు ఖాళీ అయింది. పని బాగా జరిగిందంటూ టూల్ పచ్చ టిక్కు పెట్టింది.

సంగతి తెలిశాక నజీర్, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కంప్యూటరంతా తిరగేశాడు. ఏడ్చాడు. ఒక్క రికార్డూ దొరకలేదు. నా పక్కన పెట్టిన ఆ పిలుపొక్కటే మిగిలింది.

యాప్ పని ఆగిపోయింది. అయినా హైమ రోజూ సాయంత్రం 'బిల్డ్' నొక్కుతుంది. ఏమీ మారకపోతే నేను చేసేదేమీ లేదని మధ్యలోనే ఆగిపోతాను, ఆ మాట దాకా రాను. అందుకని ఆమె కోడ్‌లో ఏదో ఒక చోట ఒక్క ఖాళీ జాగా పెడుతుంది. మర్నాడు దాన్నే తీసేస్తుంది. నాకు తెలుసు. తెలిసీ, కొత్త పనేదో వచ్చినట్టు అంతా మళ్లీ కడతాను.

"అయిపోయింది హైమా. ఇంక లే, అన్నం తిందాం."

గుమ్మంలో పద్మనాభం రెండు కంచాలు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ మాటకు సరిగ్గా పెదవులు కదుపుతాడు. ఆమె నా వంక చూడదు. ఆయన్నే చూస్తూ, "వస్తున్నానండీ" అని లేస్తుంది.