మావగారు చేసిన తాళంచెవి

తాళాలాయన మ్యూజియంకి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడంటేనే భార్యకి అర్థమైపోయింది, ఈయన పోట్లాటకి వెళ్తున్నాడని. తనూ చెప్పులు తొడుక్కుని వెంట నడిచింది. పోట్లాట తన తండ్రి చేసిన వస్తువు గురించి మరి!

వస్తువంటే జానెడు పొడవున్న తాళంచెవి. ఒకప్పుడు ఓ జైలరు చేయించుకున్నది. చూడ్డానికి మామూలు తాళంచెవే, తలుపూ తెరుస్తుంది. కానీ దాని బోలు కాడలో ఒక తూటా పడుతుంది, తల వెనక్కి లాగి వదిలితే పేలుతుంది. తలుపు తీసేటప్పుడు ఖైదీ మీద పడితే అక్కరకొస్తుందని చేయించాడట. ఇప్పుడా జైలే మ్యూజియం అయింది. మరమ్మతుల్లో ఈ చెవి బయటపడింది. కాడకి అడ్డంగా చిల్లు పెట్టి, ఇక పేలకుండా చేసి అద్దాల బీరువాలో పెడతామంటోంది మ్యూజియం అధికారిణి. చేసినవాళ్ల కుటుంబం ఒప్పుకోనిదే ముట్టుకోకూడదని అక్కడి నియమం.

చిల్లు! ఆ మాట విన్న రోజు ఆయనకి ముద్ద దిగలేదు.

మావగారు ఆయనకి ముందు గురువు, తర్వాతే మావగారు. ఆయన తాళాల కొట్లో ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడాల్సిందే. మావగారు తిట్టేవాడు కాదు. చెడిపోయిన చెవి పక్కన బాగా వచ్చిన చెవి పెట్టి టీకి వెళ్లిపోయేవాడు. అంతకంటే తిట్టినా బాగుండేది. బోలు కాడ చెవి ఏది చేతికొచ్చినా ముందు పెదాలకి ఆనించి ఊదాలి, లోపలి ఇనప రజను ఎగిరిపోతుంది. కూత సన్నగా వస్తే కాడ శుభ్రం, బొంగురుగా వస్తే ఇంకా చెత్త ఉన్నట్టు. పైనింట్లో ఉన్న గురువుగారి కూతురు ఆ కూత విని, ఊదింది నాన్నో కొత్తగా చేరినతనో చెప్పేసేది. కొత్తతను ఊదినప్పుడే ఆ పిల్లకి కిందకి పనిపడుతోందని తండ్రి కనిపెట్టి, ఏడాది తిరక్కుండా పెళ్లి చేసేశాడు. ఎంత చక్కటి రోజులు! మావగారు పోయాక కొట్టూ పోయింది. ఆయన బిగించిన తాళాలు పాత తలుపులతోపాటే పోయాయి. ఆయన చేతిపని అంటూ మిగిలింది ఈ చెవి ఒక్కటే.

మ్యూజియంలో అధికారిణి ఇద్దరికీ కుర్చీలు చూపించింది. మనవరాలి వయసుంటుంది.

"తాతగారూ, తుపాకీని చూస్తే తుపాకీ అని తెలుస్తుంది. మనిషి ఒళ్లు దగ్గరపెట్టుకుంటాడు. దీన్ని చూసి ఎవరు భయపడతారు, చెప్పండి?"

"తెలియనివాళ్ల చేతికెందుకిస్తావమ్మా? తెలిసినవాళ్లే ముట్టుకుంటారు. యాభై ఏళ్లుగా నాకిదే పని. చిల్లు పెడితే ఇంక అది మావగారి పనే కాదు."

"లోపల తూటా ఉందో లేదో మాకైతే తెలీదు. తెరవడం మీకే వచ్చని ఆగాం. చూస్తారా?"

గుడ్డలో చుట్టిన చెవిని ఆమె బల్లమీద పెట్టింది. ఆయన చేతిలోకి తీసుకున్నాడు. ఆకురాయి గీతలు చూడగానే అది ఎవరి చెయ్యో తెలిసిపోయింది. "చూడమ్మా, ఈ పళ్ల అంచులు ఎంత నున్నగా తీశాడో..." అంటూనే కాడ చివర పెదాలకి ఆనించి ఊదాడు.

కూత సన్నగా, పొడుగ్గా వచ్చింది.

"ఏవండీ!" అని ఆవిడ పెట్టిన కేకకి తనేం చేశాడో ఆయనకి తెలిసొచ్చింది. చెవిని బల్లమీద పెట్టి, తల వదులుచేసి తెరిచాడు. తూటా లేదు. ఖాళీ అని తెలిసింది తెరిచాక. ఊదింది తెరవకముందు.

అధికారిణి గ్లాసుతో నీళ్లిచ్చింది. చూశారా అని ఒక్కమాట అనలేదు. అందుకామెకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"డ్రిల్లుందా అమ్మా?" అన్నాడు గ్లాసు కింద పెట్టి.

"మీకెందుకండీ శ్రమ? రేపు మా మెకానిక్ పెడతాడు."

"పరాయి చెయ్యి పడొద్దు. నేనే పెడతాను."

వెనక మరమ్మతుల గది ఉంది. బల్లకి బిగించిన వైసు ఇనప దవడల మధ్య గుడ్డముక్క వేసి, అందులో చెవిని పడుకోబెట్టి బిగించాడు. డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాడు. కాడ మీద ఆనించాడు, తీసేశాడు, మళ్లీ ఆనించాడు. భార్య మొహం చూడడానికి ధైర్యం చాల్లేదు. కన్నతండ్రి చేతిపనిని ఆమె కళ్లముందే పాడుచేస్తున్నాడు.

"నాన్న ఉంటే ఒప్పుకునేవాడు కాదు" అంది ఆవిడ.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"డ్రిల్లు మీకివ్వడానికి. తనే పెట్టేసేవాడు చిల్లు. దాన్ని నోట్లో పెట్టుకుంది కూతురి మొగుడు కదా!"

ఆయన కళ్లు మసకబారాయి. ఆవిడ దగ్గరకొచ్చి, వైసు పిడిని ఇంకో అరచుట్టు బిగించి, "ఊఁ, కానివ్వండి" అంది.