తెర మీద పాదాలు

మామగారి కొట్లో ఉన్న కంప్యూటర్‌ని ఇంట్లో అందరూ ముసలాయన అంటారు. మామగారిని మాత్రం ఎవరూ అలా అనరు, అనే ధైర్యం ఎవరికీ లేదు. ఈయనకి ముక్కు మీద కోపం, ఆ ముసలాయనకేమో అడుగడుక్కీ ఆయాసం. మీట నొక్కితే పావుగంట రొప్పి గానీ తెర వెలిగేది కాదు, వెలిగినా తేదీ పదిహేనేళ్ళ వెనకదే చూపించేది. అలాంటి ముసలాయన ఆ సోమవారం అసలు లేవడమే మానేశాడు. నల్ల తెర మీద తెల్ల అక్షరాల్లో ఏదో మొరపెట్టుకోవడం, ఆరిపోవడం, మళ్ళీ మొదటి నుంచి అదే మొర. రెండు రోజులు చూసి మామగారికి ఓపిక చచ్చిపోయింది.

మామగారు కొలత తీసుకుని జోళ్ళు కుట్టే మనిషి. ఒక కాలు పొడుగు ఇంకో కాలు పొట్టి ఉన్నవాళ్ళు, వేలి మీదికి వేలు ఎక్కినవాళ్ళు, బజారు జోళ్ళు నప్పక విసిగిపోయినవాళ్ళు అందరూ ఆయన దగ్గరికే వస్తారు. వచ్చినవాళ్ళని ఆయన స్కానర్ ఎక్కిస్తాడు. అవునండీ, కాగితాలు పెట్టే స్కానరే. దానికి మందపాటి అద్దం వేయించి, చుట్టూ చెక్కపీట బిగించాడు. ఒంటికాలి మీద నిలబడి ఊపిరి బిగబడితే పాదం బొమ్మ కంప్యూటర్లోకి దిగుతుంది. ఆ స్కానర్ ముసలాయన మాట తప్ప ఇంకే కంప్యూటర్ మాటా వినదు. కొత్తది తెమ్మని కొడుకు ఎన్నిసార్లు పోరినా ఆయన వినకపోవడానికి కారణం అదే.

కోడలు ఆ ఇంటికొచ్చి ఆర్నెల్లయింది. ఒక పెద్ద ఆఫీసులో రెండొందల కంప్యూటర్లకి ఆమెదే పెత్తనం. ఈ ఇంట్లో మాత్రం ఇంతవరకూ ఒక్క పనీ ఆమె చేతికి రాలేదు. అత్తగారు వంటింటి గడప దాటనివ్వదు, మామగారికి "భోంచేశావా అమ్మాయ్" తప్ప మాట రాదు. చుట్టపు చూపుగా వచ్చినట్టే ఉంది ఆమెకి. అందుకే బుధవారం ఉదయం పళ్ళెం ముందు కూర్చుని మామగారు, "అమ్మాయ్, ముసలాయన సంగతి కాస్త చూస్తావా?" అన్నాడో లేదో, ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. సెలవు పెట్టేసింది. ఈ ఒక్క పని సవ్యంగా చేస్తే తనూ ఈ ఇంటి మనిషి అవుతుందని ఆమె ఆశ.

కొట్టు గుమ్మంలో జోళ్ళు విప్పి, కుడి జోడులోంచి దూది బయటికి కనబడుతుంటే వేలితో లోపలికి నెట్టింది. ఆమె ఎడమ పాదం కుడిదానికంటే పెద్దది. పెద్ద కాలికి సరిపడే జత కొని, రెండో దాన్లో దూది కుక్కుకోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

కొట్లో ఒక్క సొరుగు కూడా లేదు. గోడ నిండా మేకులు, మేకులకి కత్తులు, సుత్తులు, దారపు ఉండలు, అట్ట ముక్కలు. సొరుగులో పెట్టిన వస్తువు పోయినట్టే లెక్క అంటాడు మామగారు.

ఆమె డబ్బా విప్పి దుమ్ము ఊదింది. చచ్చిపోయిన చిన్న బ్యాటరీ మార్చింది. తెచ్చుకున్న పెన్ డ్రైవ్ పెట్టి మీట నొక్కితే దాన్లోని సిస్టమ్‌తో తెర వెలిగింది.

"లోపలి సిస్టమ్ పూర్తిగా పాడైంది మామయ్యగారూ. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించాలి. మీకు కావాల్సినవన్నీ ఎక్కడున్నాయి?"

"ఎక్కడుంటాయమ్మా, కళ్ళెదురుగానే ఉంటాయి. నువ్వు దాన్ని లేపు, నీకే కనబడతాయి" అని సంచీ తగిలించుకుని తోలు కొనుక్కురావడానికి వెళ్ళిపోయాడాయన.

ఇంకొక్క మాట అడిగుంటే ఎంత బాగుండేది! అడగలేదు. నాకు తెలియందేముందనుకుంది. ఫైళ్ళేవీ తెర ముఖం మీద పెట్టొద్దని, D డ్రైవ్‌లోనే పెట్టాలని ఆఫీసులో మూడేళ్ళుగా అందరి చెవినిల్లు కట్టుకుని చెప్పిన మనిషి ఆమె. లోకమంతా తన ఆఫీసే అనుకుంది. D డ్రైవ్‌ని ముట్టుకోకుండా ఉంచింది, డాక్యుమెంట్స్ అన్న ఫోల్డర్‌ని పెన్ డ్రైవ్‌లోకి తీసుకుంది, మిగతాదంతా తుడిచేసింది. అదీ పైపైన కాదు. చేసే పని శుభ్రంగా చేయాలని పూర్తి ఫార్మాట్ పెట్టి, గంటసేపు కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది. తర్వాత కొత్త సిస్టమ్ ఎక్కడం మొదలైంది. ముప్ఫై శాతం, నలభై, డెబ్భై. ఈలోగా అత్తగారు టీ తెచ్చి పక్కనే స్టూలు మీద కూర్చుంది. స్కానర్‌ని నడిపించే ఫైలు D డ్రైవ్‌లో దొరికింది. అది ఎక్కించగానే అద్దం కింద దీపం ఒక్కసారి అటూ ఇటూ పరుగెత్తింది. "లేచాడే మన ముసలాయన!" అని అత్తగారు చప్పట్లు కొట్టింది. తెర రెండు నిమిషాల్లో వెలిగింది, తేదీ కూడా ఆ రోజుదే. కోడలు భుజాలు కాస్త విచ్చుకున్నాయంటే తప్పు పట్టలేం.

మామగారు వచ్చి, తోలు చుట్ట కింద పడేసి, తెర వంక చూశాడు. నీలంగా, శుభ్రంగా, నున్నగా ఉంది.

"పాదాలేవమ్మా?"

"ఏ పాదాలు మామయ్యగారూ?"

"ఇక్కడ, ఈ తెర మీదే కదా తగిలించాను. పై వరస ఇంటివాళ్ళవి, మీ అత్తయ్యది, నాది, మీ ఆయనది. కింద బేరగాళ్ళవి. మూడొందల పైచిలుకు."

ఆమె గోడ వంక చూసింది, మేకుల వంక చూసింది, అప్పుడర్థమైంది. ఈయన కంప్యూటర్‌కీ మేకులే కొట్టుకున్నాడు! D డ్రైవ్ తెరిచింది. పాత పాటలు, ఎవరిదో పెళ్ళి వీడియో. డాక్యుమెంట్స్‌లో చూస్తే కరెంటు కంపెనీకి రాసిన ఉత్తరం ఒకటి. పోయినవాటిని తవ్వి తీసే సాఫ్ట్‌వేర్ పెట్టి చూసింది. తను అంత శుభ్రంగా తుడిచాక ఏం మిగులుతుంది, నా మొహం!

"పోయాయి మామయ్యగారూ. నేనే పోగొట్టాను. ఎక్కడున్నాయో సరిగ్గా అడగాల్సింది, అడగలేదు" అంది. నీళ్ళు నమలకుండా చెప్పిందే గానీ కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

అత్తగారు టీ గ్లాసు గట్టిగా పట్టుకుంది. మామగారి ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి, "ఏం పెద్దాయనా, నా జత కత్తిరించావా?" అంటూ బస్సు కండక్టరు లోపలికొచ్చాడు. తొమ్మిదేళ్ళుగా ఇక్కడే కుట్టించుకునే మనిషి, రోజంతా నిలబడే ఉద్యోగం.

"కత్తిరించలేదు. నీ కాలు పోయింది" అన్నాడు మామగారు.

కండక్టరు కంగారుగా కిందికి చూసుకున్నాడు. సంగతి చెబితే పకపకా నవ్వాడు. "పోతే పోనీయవయ్యా! చిటికెన వేలు నొక్కుతోంది మొర్రో అని మూడు జతల నుంచీ మొత్తుకుంటున్నాను. వింటేగా! కంప్యూటర్లో ఉన్నదే ఖాయమంటావు."

"ఎక్కు" అన్నాడు మామగారు కటువుగా.

కండక్టరు పీట ఎక్కి ఊపిరి బిగబట్టాడు. దీపం పరుగెత్తింది, నీలం తెర మీద ఒంటరిగా ఒక పాదం వెలిసింది. కోడలు దాన్ని అసలు కొలతకి అచ్చు తీసి ఇచ్చింది. మామగారు ఆ కాగితాన్ని కండక్టరు విప్పిన పాత జోడు అడుగు మీద పెట్టి చూశాడు. పాదం బొమ్మ దాన్ని దాటి అటు అర వేలు, ఇటు అర వేలు బయటికొచ్చింది. కాగితం తిప్పి పెట్టి మళ్ళీ చూశాడు. అప్పుడూ అంతే.

మామగారు కాగితం పక్కన పెట్టాడు. కండక్టరు వంక చూశాడు.

"అంటే తొమ్మిదేళ్ళ కిందటి కాలికి కుడుతున్నానన్నమాట. పైగా మనిషి నొప్పంటే కసురుకున్నాను."

"నన్ను కసిరింది మాత్రం లెక్కలేదు పాపం! మోకాళ్ళ నొప్పులొచ్చాక నా పాదం కొలిచారా ఎప్పుడైనా?" అంది అత్తగారు. ఇన్నాళ్ళూ ఈ మాట ఎక్కడ దాచుకుందో మరి.

మామగారు నవ్వడం కోడలు చూడటం అదే మొదటిసారి. భుజాలు కదిలేలా, దగ్గొచ్చేలా నవ్వాడు. "సరే, అందరికీ ఫోన్లు చేద్దాం. రోజుకి పదిమందిని రమ్మందాం, కొత్తగా కొలుద్దాం. అమ్మాయ్, ఏడాదికోసారి మళ్ళీ కొలవాలని ఇది గుర్తు చేసేలా చేయగలవా?"

"చేస్తాను మామయ్యగారూ. ప్రతి పాదానికీ రెండో చోట నకలు కూడా పెడతాను."

"ముందు కండక్టరుని కిందికి జరుపు. పై వరస ఇంటివాళ్ళది."

ఆమె జరిపింది. పై వరస ఖాళీగా ఉంది. కండక్టరు వెళ్ళిపోయాక మామగారు గుమ్మం దాకా నడిచి, ఆమె కుడి జోడు చేతిలోకి తీసుకుని, దూది ఉండ బయటికి లాగాడు. ఆమెకి సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నువ్వొచ్చిన రోజునే నడక చూశాను. అడుగుతావు కదా, అడగనీ అని ఊరుకున్నాను."

"మీరు పిలుస్తారేమోనని నేను చూశాను మామయ్యగారూ. అడగడానికి భయమేసింది."

"బాగుంది సంబడం! ఇద్దరికీ ఇద్దరమే. ఎక్కు, ముందు ఎడమ కాలు."

ఆమె పీట ఎక్కింది. అద్దం చల్లగా తగిలింది. పడిపోకుండా అత్తగారు మోచెయ్యి పట్టుకుంది. దీపం అటు పరుగెత్తి ఇటొచ్చింది, తర్వాత రెండో కాలికీ అంతే. పై వరసలో మొట్టమొదట ఆమె రెండు పాదాలూ వెలిశాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కింద పేరు మామగారే కొట్టాడు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒకే వేలితో. అత్తగారు తొంగి చూసి, "అయ్యో, అదేం పేరండీ!" అని నెత్తి కొట్టుకుంది.

'కొంప ముంచిన కోడలు' అని ఉంది అక్కడ.

"ఉండనీండి అత్తయ్యా, అలాగే ఉండనీండి" అంది కోడలు కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. ఆ ఫైలుకే మొట్టమొదటి నకలు తీసి దాచుకుంది.