చివరి గడి

ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేసే ఆవిడను అందరూ సబ్బమ్మ అనేవారు. చేతులు కడుక్కోనివాళ్ళు కనిపిస్తే, డాక్టరైనా సరే, మొహమాటం లేకుండా కడిగిపారేసేది. అలాంటి మనిషి చెల్లెలి బిడ్డకే, నెలలు నిండకుండా పుట్టి పసిపిల్లల వార్డులో ఉన్నవాడికి, బ్యాక్టీరియా సోకింది. ఆ వార్డులో అలా జబ్బుపడినవాళ్ళలో వాడు నాలుగోవాడు.

"ఇది ఆ ఆయా పనే. ముక్కు తుడుచుకున్న చేత్తోనే పిల్లల్ని ఎత్తుకుంటుంది. నా కళ్ళతో చూశాను" అని సబ్బమ్మ తేల్చేసింది. ఆవిడ మాటకు ఎదురుండదు. ఆయాను ఆ పూటే ఇంటికి పంపేశారు.

ఇక రుజువే తరువాయి. బిడ్డల రక్తంలోంచి, వార్డు సిబ్బంది ముక్కుల్లోంచి తీసిన బ్యాక్టీరియాను పెంచి, దాని డీఎన్ఏను ముక్కలు చేసి, జెల్ పలకలో ఒక్కొక్కరిదీ ఒక్కో గడిలో పోసి కరెంటు పెడితే గీతలు పడతాయి. ఎవరి గీతలు బిడ్డల గీతలతో కలిస్తే వాళ్ళే దొంగ. చివరి గడిలో మాత్రం, పోల్చి చూడటానికి, ఏ సంబంధమూ లేని మనిషిది ఉండాలి. పన్నెండేళ్ళుగా అందులో సబ్బమ్మ తన ముక్కులోంచి తీసిన నమూనానే పెడుతోంది. "నాకంటే శుభ్రమైన మనిషిని తెచ్చి చూపించండి" అనేది నవ్వుతూ.

మధ్యాహ్నం పలక కింద దీపం వేసింది. నలుగురు బిడ్డల గీతలూ అచ్చు ఒకేలా ఉన్నాయి. ఆయా గీతలకు వాటితో పొంతనే లేదు. నర్సులవీ అంతే. ఆవిడ చివరి గడి చూసింది.

గీతకు గీత సరిపోయింది.

"ఎక్కడో తారుమారైంది. ఈసారి నువ్వే తియ్యి, నువ్వే చెయ్యి. నేను ముట్టుకోను" అంది తోటి టెక్నీషియన్‌తో. పని ఉందని చెల్లెలికి అబద్ధం చెప్పి రెండు రోజులు వార్డు గడప తొక్కలేదు. మూడోనాడూ అవే గీతలు.

రోజూ ల్యాబు నుంచి నేరుగా వెళ్ళి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, బిడ్డ బుగ్గకు ముక్కు రాసి ముద్దాడింది తనే. పక్క ఉయ్యాలల్లోని పిల్లల్నీ వదల్లేదు. చేతులైతే కడిగింది, ముక్కునెవరు కడుగుతారు? పాపం, ఆయా ఏడుస్తూ వెళ్ళింది.

ఫోన్ మోగింది.

"అక్కా, వీడికి జ్వరం దిగట్లేదు. ఎప్పుడొస్తావ్? నువ్వెత్తుకుంటేనే పడుకుంటాడు. ఇంతకీ ఎవరి వల్లో తేలిందా?"

"తేలిందమ్మా. ఆయాను వెంటనే పిలిపించమను. నన్ను మాత్రం లోపలికి రానివ్వొద్దని గుమ్మం దగ్గర చెప్పు."

అవతల బిడ్డ ఏడుపు మొదలుపెట్టాడు.

"నువ్వా, అక్కా?" అంది చెల్లెలు.